మీనాక్షితో హోసూరు షికారు

మీ ఫ్లాటు తలుపుకి నడుమ చిటికెనవేలు పట్టేంత కంతలో ఒక గాజు కన్ను ఉంటుంది కదా! కాలింగ్ బెల్ మోగగానే దానికి కన్ను ఆనించి చూస్తాం. బయట నిలబడింది ఎంత దగ్గరి చుట్టమైనా సరే, ముక్కు ముందుకొచ్చి, చెవులు వెనక్కి పోయి, కాళ్ళు ఎక్కడో పాతాళంలో ఉన్నట్టు కనిపిస్తారు. పెళ్ళిచూపులకి వచ్చిన వాళ్ళని దానిలోంచి చూడకపోవడమే మంచిది. అయితే ఆ కంతలోంచి మెట్లు, లిఫ్టు, ఎదురింటి గడప, ఆ గడప ముందరి చెప్పులు అన్నీ ఒక్కసారే కనిపిస్తాయి. తలుపు తీసి, మెడ బయటపెట్టి, రెండు పక్కలా తిప్పితే తప్ప మన కంటికి అంత మేర ఆనదు.

ఆ గాజు కంటికి పెద్దింటి దాయాది ఒకటుంది. దాన్ని కెమెరాకి బిగిస్తారు. ఫిష్ ఐ లెన్సు అంటారు. తెలుగులో చేపకన్ను కటకం అనుకోవచ్చు. మా శ్రీమతి మాత్రం చూసిన మొదటిరోజే దానికి మీనాక్షి అని నామకరణం చేసేసింది. "ఈ ఆదివారం కూడా మీనాక్షితోనేనా షికారు?" అని ఆవిడ వంటింట్లోంచి గట్టిగా అడిగితే పక్కింటి వాళ్ళు ఏమనుకున్నారో ఏమో!

నేను ఫోటోగ్రాఫర్ని కాను. బి.కాం. చదివి, బ్యాంకులో చేరి, లెడ్జర్ల కాలం నుంచి కంప్యూటర్ల కాలం దాకా అంకెల మధ్యే తల నెరిసినవాణ్ణి. మీనాక్షి మా మేనల్లుడి సొత్తు. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, ఎవరో వాడి వదిలేసిన దాన్ని కొనుక్కున్నాడు. నాకు దానితో పని పడడానికి కారణం మా ఊళ్ళోని పాత ఇల్లు.

మా ఊరు వేప్పనపల్లి. తమిళనాడులో కృష్ణగిరి జిల్లా. 2004లో ధర్మపురి నుంచి విడదీసి కృష్ణగిరిని జిల్లా చేశారు. ఇటు కుప్పం, అటు కోలారు, మూడు రాష్ట్రాలూ దగ్గర దగ్గరగా ఒరుసుకునే మొరసునాడు మాది. బోర్డులు తమిళంలో ఉంటాయి, సంతలో బేరం తెలుగులో సాగుతుంది, మధ్యలో కన్నడం వచ్చి పలకరించి పోతుంది. అక్కడ మా తాత కట్టిన తొట్టి ఇల్లు ఒకటుంది. కోస్తా వారు మండువా లోగిలి అంటారే, ఆ రకం. నడుమ ఆకాశానికి తెరిచిన తొట్టి, చుట్టూ వసారా, పెంకుల కప్పు. నలుగురు అన్నదమ్ములం భాగాలు పంచుకున్నాం. ఉగాది వెళ్ళాక ఇల్లు విప్పేద్దామని ఖాయమైంది. మా అమ్మకి ఎనభై నాలుగు. ఆవిడ అడిగింది ఒక్కటే. "అందరూ ఆ తొట్టి చుట్టూ కూచోనుంటే ఒక పటం తీయించండిరా. ఇల్లూ కనపడల్ల, పిల్లోళ్ళూ కనపడల్ల."

వినడానికి చిన్న కోరికే. వసారా వెడల్పు ఏడడుగులు. గోడకి వీపు ఆనించి నిలబడి సెల్‌ఫోనుతో తీస్తే మనుషులు వస్తారు, ఇల్లు రాదు. ఇల్లు రావాలంటే గోడ పగలగొట్టి వీధిలో నిలబడాలి. సెల్‌ఫోనులో 'పాయింట్ ఫైవ్' అని ఒక వెడల్పు కటకం ఉంటుంది కదా, దానితోనూ ప్రయత్నం జరిగింది. ఇల్లు కొంతవరకు వచ్చింది కానీ అంచున నిలబడిన మా వదినగారు అసలు కంటే ఒకటిన్నర రెట్లు వెడల్పుగా వచ్చారు. ఆ ఫోటో ఇంట్లో ఎవరికీ చూపించే ధైర్యం ఎవరూ చేయలేదు! అప్పుడే మా మేనల్లుడు, "మామా, మీనాక్షిని తెస్తాను. అయితే ముందు ఒకరోజు హోసూరులో దాని గుణం చూసుకుందాం. ఇంట్లో అందర్నీ కూచోబెట్టి మనం నేర్చుకోకూడదు" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. బ్యాంకులో కూడా కొత్త యంత్రం వస్తే ఖాతాదారు ముందర నేర్చుకోం.

ఆ ఆదివారం సంగతి చెప్పే ముందు ఈ కటకం పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెప్పాలి. చెరువులో మునిగిన చేప పైకి చూస్తే ఏం కనిపిస్తుంది? నీటిలోకి వచ్చే వెలుతురు వంగుతుంది కనుక, ఒక గట్టు నుంచి ఆ గట్టు దాకా ఉన్న మొత్తం ఆకాశం దానికి నెత్తిమీద ఒక గుండ్రటి కిటికీలో ఇమిడిపోతుంది. 180 డిగ్రీల లోకం సుమారు 97 డిగ్రీల్లోకి కుదించుకుపోతుందన్నమాట. ఆ కిటికీ అంచుల్లో గట్టుమీద చెట్లు, మనుషులు, గాలం పట్టుకున్న పెద్దమనిషీ వంగి నిలబడి ఉంటారు. అమెరికాలో రాబర్ట్ వుడ్ అనే భౌతిక శాస్త్రవేత్త నీళ్ళు నింపిన కెమెరాతో ఈ చూపుని ఫోటో తీసి, 1906లో ఒక వ్యాసం రాశాడు. 'ఫిష్ ఐ' అనే మాట దానితోనే వాడుకలోకి వచ్చింది. మధుర మీనాక్షమ్మవి చేప ఆకారంలో ఉండే కళ్ళు. ఈ మీనాక్షిది చేప చూసే చూపు. అంతే తేడా.

తర్వాత 1924లో ఇంగ్లండులో రాబిన్ హిల్ అనే ఆయన, మొత్తం ఆకాశాన్నీ దానిలోని మేఘాల్నీ ఒకే ఫోటోలో పట్టే కటకాన్ని రూపొందించాడు. లండన్‌లో బెక్ కంపెనీ వాళ్ళు దాన్ని తయారుచేశారు. వాతావరణ శాస్త్రం కోసం అన్నమాట. తమాషా ఏమిటంటే ఆయన పేరు ఈనాడు నిలిచింది మేఘాల వల్ల కాదు, ఆకుల వల్ల. మొక్కల కిరణజన్య సంయోగక్రియలో 'హిల్ చర్య' అని పిల్లలు చదువుకునేది ఆయన పేరుమీదే. జపాను నికాన్ కంపెనీ 1962లో మామూలు 35 మి.మీ. కెమెరాకి బిగించే 8 మి.మీ. చేపకన్నుని అమ్మకానికి పెట్టాక ఇది సామాన్యుల చేతికొచ్చింది. సామాన్యులంటే బాగా డబ్బున్న సామాన్యులని అర్థం. అదే కంపెనీ తర్వాత 220 డిగ్రీలు చూసే కటకం కూడా చేసింది. అంటే తన వీపు వెనక కూడా కొంత చూస్తుంది! బరువు అయిదు కిలోల పైమాటే. మాది అరచేతిలో ఇమిడే చిన్నది, 7.5 మి.మీ.

ఇక లెక్క. కామర్సు వాడికి త్రికోణమితి ఎందుకని అడగకండి, ఇది వడ్డీ లెక్కే. మామూలు కటకం తిన్నని గోడని తిన్నగానే చూపిస్తానని మాటిచ్చింది. ఆ మాట నిలబెట్టుకోవడానికి, నడిమి నుంచి పక్కకి పోయేకొద్దీ బొమ్మని సాగదీస్తూ పోవాలి. మా 7.5 మి.మీ. కటకమే గనక ఆ పద్ధతిలో పనిచేస్తే, 45 డిగ్రీల పక్కన ఉన్న మనిషి బొమ్మ నడిమి నుంచి 7.5 మి.మీ. దూరంలో పడుతుంది. 60 డిగ్రీలకి 13 మి.మీ., 80 డిగ్రీలకి 42 మి.మీ. పైన, 89 డిగ్రీలకి 430 మి.మీ. సరిగ్గా 90 దగ్గరికి వచ్చేసరికి అనంతం! కెమెరాలో బొమ్మ పడే పలక చూస్తే, నడిమి నుంచి మూలకి 14 మి.మీ. మాత్రమే. చక్రవడ్డీ అప్పు ఎలా కొంప ముంచుతుందో సరిగ్గా అలాగే. మా వదినగారు వెడల్పైనది ఈ వడ్డీ వల్లే.

చేపకన్ను ఈ అప్పు చేయదు. గోడ తిన్నగా ఉండనక్కర్లేదని ముందే ఒప్పేసుకుంటుంది. కొన్ని రకాలు ప్రతి డిగ్రీకీ సమాన కంతు చెల్లిస్తాయి. కొన్ని అంచుల్లో కాస్త తగ్గిస్తాయి. మా మేనల్లుడిది అంచుల దగ్గర కొంచెం ఉదారంగా ఎక్కువిచ్చే రకం, అందువల్ల పక్కనున్న ముఖాలు మరీ నలిగిపోవు. గీతలు వంగుతాయి, మనుషులు ఉబ్బరు. ఈ ఒక్క ముక్క అర్థమయ్యాక నాకు మీనాక్షి మీద గౌరవం పెరిగింది. గుండ్రటి బొమ్మనిచ్చేవి, ఫోటో మూలల దాకా నిండేవి అని వీటిలో రెండు జాతులున్నాయి. మాది రెండోది. మూల నుంచి మూలకి కొలిస్తే 180 డిగ్రీలు.

తెల్లవారుజామున బయలుదేరి కృష్ణగిరి బస్టాండు దగ్గర టీకి ఆగాం. అక్కడే మొదటి పరీక్ష. తమిళనాడు బస్సు ఒకటి, పక్కనే కుప్పం పోయే ఆంధ్ర బస్సు, ఆ పక్కన కర్ణాటక బస్సు. మూడు సంస్థల మూడు రంగుల బస్సులు ఒకే ఫోటోలో పట్టాలంటే మామూలుగా రోడ్డు అవతలికి పోవాలి, అప్పుడు మధ్యలో ఆటోలు అడ్డమొస్తాయి. మీనాక్షితో బస్సుల ముక్కుల ముందు నిలబడే తీశాడు మా వాడు. మూడు బస్సులూ ముగ్గురు తోడికోడళ్ళు తలలు దగ్గరపెట్టి గుసగుసలాడుతున్నట్టు వచ్చాయి. కండక్టరు ఒకాయన వచ్చి కెమెరా ముందరి గాజుని తేరిపార చూసి, "ఏమప్పా, కప్పకన్ను మాదిరి ఉబ్బుకోనుండాదే!" అన్నాడు. నిజమే. గాజు బయటికి ఉబ్బి ఉంటుంది కనుక దానికి ముందు ఫిల్టరు బిగించడం కుదరదు. వేలు తగిలితే ముద్ర పడుతుంది. జేబులో మూత, మెత్తని గుడ్డ లేకుండా దీనితో వీధిలోకి రాకూడదు.

హోసూరు చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. నలభై కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు ఇటు పెరుగుతూ, ఇది అటు పెరుగుతూ, రెండూ ఎక్కడ కలుసుకుంటాయో అన్నట్టుంది ఊరు. 2019లో కార్పొరేషన్ అయింది. ఊరికి పెద్ద దిక్కు కొండమీది చంద్రచూడేశ్వరస్వామి. లోపల ఫోటోలు తీయం కనుక దర్శనం చేసుకొని బయటికొచ్చి, ఊరంతా కనిపించే చోట నిలబడ్డాం. కొండమీద నుంచి ఊరుని తీస్తే ఎంత గొప్పగా ఉంటుందోనని ఎవరైనా అనుకుంటారు. మీనాక్షి దగ్గర ఆ పప్పులు ఉడకవు. ఇళ్ళు, చెరువు, దూరాన ఫ్యాక్టరీ కప్పులు అన్నీ వచ్చాయి కానీ ఆవగింజలంత వచ్చాయి. సగం ఫోటో ఆకాశమే, మిగతా సగం మా కాళ్ళ ముందరి బండ. దూరాన్ని ఇది లెక్కచేయదు. కంటికి పెద్దగా అనిపించే కొండ కూడా దీనిలో చీమలపుట్ట. అదే మెట్ల మీద కూచొని, అడుగు దూరంలో ఉన్న రాతి మెట్టుని ముందు పెట్టి తీస్తే మెట్లవరుస పామువలె వంపు తిరిగి ఊళ్ళోకి దిగిపోయింది. అది ఫోటో!

"దీనితో తీయాలంటే సిగ్గు విడిచి దగ్గరికి పోవాలి మామా" అన్నాడు మా వాడు. మొత్తం సారం ఆ మాటలో ఉంది.

దగ్గరికి పోవడంలో ఉన్న చిక్కు పూల అంగళ్ళ దగ్గర తెలిసింది. హోసూరు చుట్టుపక్కల గులాబీ తోటలు ఎక్కువ. విమానం ఎక్కి పరదేశాలకి పోయే గులాబీలు పోగా, వీధి అంగళ్ళలో చామంతి, కనకాంబరం, మల్లె రాసులు పోసి ఉంటాయి. ఒక పెద్దావిడ చామంతుల బుట్ట వెనక కూచొని దండ కడుతోంది. అడిగే తీశాం. బుట్ట మా మోకాలికి తగులుతోంది, ఆవిడ చేతులు రెండడుగుల దూరంలో ఉన్నాయి. వచ్చిన ఫోటోలో పసుప్పచ్చ రాసి భూగోళమంతయింది. దానిమీద రెండు చేతులు, దారం. వెనక వీధి మొత్తం వంగి ఆవిడ చుట్టూ గొడుగు పట్టింది. చాలా బాగుందని మేం మురిసిపోతుంటే ఆవిడ, "నాకూ చూపీ సామీ" అంది. చూపించాం. అంతకు ముందు, ముఖానికి ఇంకా దగ్గరగా తీసిన ఫోటో కూడా తెరమీదికి వచ్చింది. దానిలో ముక్కు గుమ్మడికాయంత ఉంది. ఆవిడ నవ్వింది కానీ, నవ్వి ఊరుకోలేదు. "ముక్కుపుడకకి ఇంత పెద్ద ముక్కు ఇచ్చినావే! దాన్ని తుడిచేయి నాయనా. చేతులది ఉంచుకో, బాగుండాది." మా వాడు ఆవిడ కళ్ళముందే ఆ ఫోటో తీసేశాడు. ఆవిడ తీర్పు సరైనదని నా అభిప్రాయం. చేపకన్నుతో మనిషి ముఖాన్ని దగ్గరగా తీసి నవ్వించే ఫోటోలు చాలా చూస్తుంటాం. కుక్కపిల్ల ముక్కుతో ఆ ఆట బాగుంటుంది. ముక్కూమొహం తెలియని మనిషితో బాగుండదు. చేతులు, పనిముట్లు, బుట్టలు, చక్రాలు... వీటికి మీనాక్షి దగ్గర మహా మర్యాద.

అక్కణ్ణుంచి హైవే ఫ్లైఓవర్ కిందికి, ఒక సైకిలు రిపేరు షాపుకి, రెండు సందుల్లోకి పోయాం. సందులు దీనికి బాగా పనికొస్తాయి. ఎంత ఇరుకైతే అంత మంచిది. ఒకచోట రెండు పక్కల గోడలూ, పైన కరెంటు తీగలూ, కింద ముగ్గూ, ముగ్గు పక్కన మా వాడి చెప్పూ వచ్చాయి. ఈ చెప్పు సంగతి జాగ్రత్త! ఈ కటకానికి మన నీడ, మన బొజ్జ, కెమెరా పట్టుకున్న వేళ్ళు అన్నీ కనిపిస్తాయి. మధ్యాహ్నం దాటాక సూర్యుణ్ణి ఫోటోలోంచి తప్పించడం దాదాపు అసాధ్యం. స్తంభం చాటునో చెట్టుకొమ్మ చాటునో దాచాలి.

ఫోకస్ బాధ మాత్రం లేదు. మాది చేత్తో తిప్పుకునే రకం. ఎపర్చరు ఎఫ్ 8 దగ్గర పెట్టి, ఫోకస్‌ని అరమీటరు గుర్తు దగ్గర ఆపేస్తే ముప్పావు అడుగు నుంచి చంద్రచూడేశ్వరుని కొండ దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి. ఇక దాన్ని రోజంతా ముట్టుకోనక్కర్లేదు. కళ్ళజోడు మీద కళ్ళజోడు మార్చే నా వయసు వారికి ఇంతకంటే వరం ఏముంటుంది?

పిల్లలకి చూపించదగిన తమాషా ఒకటి రామనాయకన్ చెరువు గట్టున చేశాం. కెమెరాని నిటారుగా పట్టుకొని, అవతలి గట్టు సరిగ్గా ఫోటో నడుమకి వచ్చేట్టు తీస్తే గట్టు గీతలాగా తిన్నగా ఉంది. ఎక్కడా వంపు లేదు! కెమెరాని కాస్త కిందికి వంచితే గట్టు పైకి ఉబ్బి, చెరువు భూగోళమైంది. పైకి ఎత్తితే గట్టు కిందికి జారి, చెరువు పళ్ళెమైంది. గట్టు అదే, నీళ్ళు అవే. ఫోటో నడిమి బిందువు గుండా పోయే గీత ఏదైనా సరే తిన్నగానే ఉంటుంది, నడిమికి దూరంగా పోయే గీత మాత్రం బయటికి వంగుతుంది. కాబట్టి ఏది నిలువుగా నిలబడాలనుకుంటే దాన్ని నడుమ పెట్టాలి. గుడి ధ్వజస్తంభాన్ని నడుమ పెడితే ధ్వజస్తంభమే. ఒక పక్కకి తోస్తే విల్లు.

ఇది తెలిశాక నా వృత్తిలోని ఒక విషయం కూడా గుర్తొచ్చింది. ఇంటి అప్పుల ఫైళ్ళలో ఇళ్ళ ఫోటోలు పెట్టడం రివాజు. పదడుగుల గది కల్యాణమంటపంలాగా కనిపించే ఫోటోలు ఎన్నో చూశాను. వెడల్పు కటకంతో గదిని తీసి, గీతల్ని కంప్యూటరుతో సరిచేస్తే, చూసేవాడికి ఎక్కడా అనుమానం రాదు. ఇల్లు కొనే మన పిల్లలు ప్రకటనల్లో ఫోటోలు చూసి దూరదేశం నుంచి అడ్వాన్సు పంపేముందు ఎవరిచేతనైనా టేపు పెట్టి కొలిపించడం మంచిది. ఆ లెక్కన మీనాక్షి నిజాయితీపరురాలు. వంచేది వంచినట్టు బాహాటంగా చూపిస్తుంది. మా శాఖలో కప్పుకి బిగించిన నిఘా కెమెరా కూడా ఈ జాతిదే. నాలుగు గోడలూ, కౌంటర్లూ ఒకే కన్నుకి కనిపిస్తాయి.

తిరుగు ప్రయాణంలో తొరపల్లి దగ్గర ఆగాం. రాజాజీ 1878 డిసెంబరు 10న పుట్టిన ఊరు అది. స్వతంత్ర భారతానికి గవర్నర్ జనరల్ అయిన ఒకే ఒక భారతీయుడు ఆ పల్లె వాడు. ఆయన పుట్టిన ఇంటిని స్మారకంగా కాపాడుతున్నారు. అంత పెద్ద మనిషి ఇంత చిన్న ఇంట్లో పుట్టాడా అనిపిస్తుంది. మాకు కావలసింది ఆ చిన్నతనమే! అక్కడున్నాయన్ని అడిగి, ఒక గది మూలలో నిలబడి రెండు ఫోటోలు తీశాడు మా వాడు. నాలుగు గోడల్లో మూడు, నేల, పైకప్పు, గుమ్మం అన్నీ ఒక్కదానిలో వచ్చాయి. కెమెరా ఎత్తు మీద చాలా ఆధారపడి ఉందని అక్కడ బోధపడింది. నిలబడిన మనిషి కంటి ఎత్తున పెడితే నేల ఎక్కువై గది బావిలాగా ఉంటుంది. కూచున్న మనిషి కంటి ఎత్తున, అంటే మూడు, మూడున్నర అడుగుల దగ్గర పెడితే గది గదిలాగా ఉంటుంది. ఈ కొలత నేను డైరీలో రాసుకున్నాను.

మరుసటి ఆదివారం వేప్పనపల్లిలో అందరం చేరాం. ముంబాయి నుంచి తమ్ముడు కుటుంబంతో వచ్చాడు. భాగాలప్పటి మాటపట్టింపు వల్ల మా పెద్దన్న, చిన్నన్న ఒకే బంతిలో కూచొని నాలుగేళ్ళయింది. ఫోటోకి వచ్చారు కానీ ఒకరు ఈశాన్యంలో, ఒకరు నైరుతిలో నిలబడ్డారు. మా మేనల్లుడికి ఈ రాజకీయాలు పట్టలేదు. వాడికి పట్టింది జామెట్రీ. "అందరూ కెమెరాకి సమాన దూరంలో ఉండాలి. వరుస కాదు, అర్ధచంద్రాకారం. అవ్వ నడుమ. ఎవరైనా వెనక్కి జరిగితే చిన్నగా అయిపోతారు" అని తాడు తెచ్చి, ఒక కొస కెమెరా స్టాండుకి కట్టి, అయిదడుగుల దగ్గర ముడివేసి, ఆ ముడి ప్రకారం ఒక్కొక్కర్నీ కూచోబెట్టాడు. వేప్పనపల్లిలో భూమి కొలిచినప్పుడు కూడా ఇంత కచ్చితంగా కొలవలేదు! ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ అనే ప్రశ్న లేదు. కానీ అమ్మకి రెండు పక్కలా ఎవరు కూచోవాలి? అమ్మే తేల్చేసింది. "పెద్దోడు ఈ పక్క, రెండోవాడు ఆ పక్క. నా చేతులు పట్టుకోండి, కుర్చీలోంచి పడిపోతా." ఆవిడ పడిపోయే మనిషి కాదని అందరికీ తెలుసు.

ఆ ఫోటోలో పదిహేడు మందిమి ఉన్నాం. ఎవరూ ఉబ్బలేదు. వదినగారు సంతోషించారు. ముఖాలు ఉన్న మేర, నడిమి గీతలో అన్నీ తిన్నగా ఉన్నాయి. పైన దూలాలు, కింద గచ్చు మాత్రం మా అందరి చుట్టూ వంగి గుండ్రంగా పట్టుకున్నట్టు వచ్చాయి. కుడిపక్క స్తంభం విల్లులాగా ఉంది. పెద్దన్న దాన్నే చూస్తూ, "తాత నిలబెట్టిన కంబం. ఇట్ల వంగిందేమిరా?" అన్నాడు. "కంబం వంగలేదు అన్నా, గాజు అట్ల చూస్తాది" అన్నది నేను కాదు, చిన్నన్న. నాలుగేళ్ళ తర్వాత వాళ్ళిద్దరి మధ్య నేను విన్న మొదటి మాట అది. తర్వాత మాటలేమీ పొంగిపొరలలేదు. భోజనాల దగ్గర మాత్రం ఒకే బంతిలో కూచున్నారు.

రెండో ఫోటో పిల్లల ఆలోచన. కెమెరాని తొట్టి నడుమ నేలమీద వెల్లకిలా పెట్టి, పది సెకండ్ల టైమరు వేసి, అందరం చుట్టూ చేరి లోపలికి వంగి చూశాం. నాలుగు వైపులా పెంకుల చూరు, నడుమ పలకంత ఆకాశం, చూరు చుట్టూ తలలు. చెరువు అడుగున ఉన్న చేపకి గట్టుమీది మనుషులు కనిపించేది బహుశా ఇలాగే. అమ్మ వంగలేదు కనుక కుర్చీని బాగా ముందుకి జరిపాం. ఆవిడ చెయ్యి ఒకటి మాత్రం కెమెరాకి మరీ దగ్గరగా వచ్చి, అందరి తలల కంటే పెద్దగా పడింది. మా వాడు దాన్ని కత్తిరించబోతే వద్దన్నాను.

మీలో ఎవరికైనా ఈ ముచ్చట తీర్చుకోవాలనిపిస్తే కటకమే కొనాలని లేదు. సెల్‌ఫోనుకి తగిలించే చిన్నవి దొరుకుతాయి. అంత పదునుగా రాకపోయినా పని జరుగుతుంది. హార్డ్‌వేరు షాపులో తలుపుకన్ను కొని ఫోను కెమెరా మీద ఆనించి పెట్టినా గుండ్రటి బొమ్మ వస్తుంది. మన ఫ్లాట్ల చిన్న హాళ్ళలో బొమ్మల కొలువు పెట్టినప్పుడు మెట్లన్నీ, పేరంటాళ్ళందరూ ఒకే ఫోటోలో రావడానికి ఇదొక దారి. కొలువుని నడుమ పెట్టండి, పేరంటాళ్ళని అర్ధచంద్రాకారంలో కూచోబెట్టండి, కెమెరాని కూచున్నవారి కంటి ఎత్తున ఉంచండి. మామిడితోటలున్న వాళ్ళు ఒకసారి చెట్టుకింద నేలమీద పెట్టి పైకి తీసి చూడండి. ఆకుల సందుల్లోంచి ఎంత వెలుతురు కిందికి దిగుతోందో లెక్కకట్టడానికి అడవుల పరిశోధకులు చేసేది ఇదే పని. మా వైపు బెంగళూరా మామిడిచెట్టు కింద తీస్తే ఆకాశం చిల్లుల జల్లెడలాగా వచ్చింది.

ఉగాది వెళ్ళింది. పెంకులు దించేశారు. దూలాలు పెద్దన్న తీసుకున్నాడు. ఆ వంగిన కంబం, అంటే అసలు వంగని కంబం, చిన్నన్న అడిగితే పెద్దన్న ఎడ్లబండి మీద తనే పంపించాడు. ఫోటోలు ఒక్కోటి నాలుగు ప్రతులు వేయించాం. అమ్మకి మంచం ఎదురుగా గోడకి తగిలించింది రెండోదే. ఎవరొచ్చినా వాళ్ళని దాని ముందు నిలబెట్టి, ముందు తన చెయ్యి చూపిస్తుంది, తర్వాత ఆ ఆకాశం ముక్కని చూపించి, "ఇది మా తొట్టి మీద ఉండేది" అంటుంది.